మెరుపుపిట్టకు దారి చెప్పే గొంతు

బస్టాండులో ఆవిడను అందరూ మైకక్క అనేవారు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టు ముసలాయన, ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా మైకక్కే అనేవాడు. సొంత పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఆవిడకూ పట్టింపు లేదు. పేరుదేముంది, పిలిస్తే పలకడానికే కదా అనేది.

ఆవిడ పని బస్సుల రాకపోకలు మైకులో చెప్పడం. ప్లాట్‌ఫారాలన్నీ కనిపించేలా మేడమీద ఒక అద్దాల గది, అందులో ఒక బల్ల, ఒక మైకు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. గదిలోకి రాగానే చెప్పులు విప్పి కుర్చీ కిందికి తోసేది. మైకు ముందు చెప్పులతో కూర్చుంటే మాట స్థిమితంగా రాదని ఆవిడ నమ్మకం. ఎవరైనా మధ్యలో తలుపు తోసుకుని వస్తే వెనక్కి తిరగకుండానే అరచెయ్యి పైకెత్తేది. చెప్పాల్సింది చెప్పి, మైకు మీట నొక్కి, అప్పుడు తిరిగి "ఆ, ఏంటి?" అనేది. మేనేజరైనా సరే, ఆ చెయ్యి దిగేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే.

ఆ గదిలో ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే. బస్సు కంటికి కనిపించనిదే వచ్చిందని చెప్పదు.

"జనం గోల చేస్తున్నారు మైకక్కా, వచ్చేసిందని చెప్పెయ్యి," అని మేనేజరు బతిమాలేవాడు.

"ఎక్కడండీ? నాకు కనపడ్డం లేదే!"

"మలుపు దగ్గరుందట. ఫోన్ చేశాడు డ్రైవరు."

"మలుపు తిరగనివ్వండి, చెప్తాను."

ఉద్యోగంలో ఇలాంటి మొండితనం పనికిరాదని తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆవిడ డ్యూటీలో ఉన్నంతసేపూ ప్రయాణికులు బల్లల మీద కాళ్ళు చాపుకుని ధీమాగా కూర్చునేవారు. వేరేవాళ్ళ డ్యూటీలో మాత్రం మూటలు చంకన పెట్టుకుని, మెడలు సాచి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేవారు. తేడా మేనేజరుకూ తెలుసు. అందుకే బతిమాలేవాడు తప్ప కసిరేవాడు కాదు.

ఆ బల్లల మీద కూర్చునే జనంలో ఒకప్పుడు ఒక కుర్రవాడు ఉండేవాడు. చేతిలో సంచీ ఉండదు, ఏ బస్సూ ఎక్కడు. సాయంత్రం వచ్చి గంటో, గంటన్నరో కూర్చుని, చేతికర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయేవాడు. నెల రోజులు చూసి చూసి, ఒకనాడు ఆవిడే కిందికి దిగి వచ్చి నిలదీసింది.

"ఎక్కడికెళ్ళాలండీ మీరు? రోజూ బస్సు తప్పిపోతోందా?"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండీ. మీ గొంతు వినడానికొస్తాను."

అప్పటికి ఆవిడ పెళ్ళికాని పిల్ల. ఒళ్ళు మండి, వినడానికి ఏమీ మిగలనంత గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టింది. అతను శ్రద్ధగా, తల కొంచెం పక్కకు వంచి, అన్నీ విన్నాడు. విని, "ఇది కూడా బాగానే ఉందండీ" అన్నాడు. ఆ మాటకు ఆవిడకు నవ్వొచ్చింది. నవ్విన పాపానికి ఆరు నెలల్లో పెళ్ళయింది.

అతనిది తాళంచెవుల పని. మెడికల్ షాపు మెట్ల కింద మనిషి కూర్చునేంత జాగాలో కొట్టు. పోయిన తాళానికి చెవి కావాలన్నా, ఉన్న చెవికి జోడు కావాలన్నా ఆకురాయితో రాచి, వేలి కొసతో తడిమి, మళ్ళీ రాచి ఇస్తాడు. చిన్నప్పుడు అందరిలాగే చూపుండేది. పదిహేనో ఏట నుంచి అంచుల్లో తరగడం మొదలై, కొన్నేళ్ళకు నడిమధ్య మిగిలిన చారెడు వెలుగు కూడా పోయింది. వైద్యులు ముందే చెప్పారు, ఆగేది కాదని. ఆగేది కాదని తెలిశాక ఆ కుర్రవాడు ఏం చేశాడయ్యా అంటే, ఉన్న కాస్త చూపునూ బొమ్మల పుస్తకాలకు ఖర్చుపెట్టాడు.

అన్నీ కాదు, ఒకే ఒక్క వరస. 'మెరుపుపిట్ట'. పగలు కరెంటు స్తంభాలెక్కి తీగలు బాగుచేసే మామూలు పనివాడు, ఆపద వస్తే మెరుపుపిట్టగా మారి ఎగురుతాడు. ఎగరడం వరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఆ వేగంలో అతని కళ్ళు తెల్లబోతాయి. గాల్లో ఉన్నంతసేపూ అతనికి ఏమీ కనిపించదు. ఊరి మధ్య పెద్ద టవరు, దాని కొసన వెలుగుతున్న ఒక కిటికీ, అందులోంచి ఒక ఆడగొంతు దారి చెబుతుంది. ఆ గొంతు మనిషిని బొమ్మల్లో ఎక్కడా వెయ్యలేదు. కిటికీ, వెలుగు, అందులోంచి వచ్చే మాటలు, అంతే. మెరుపుపిట్ట ఆవిడను కిటికీ అనే పిలుస్తాడు.

"కిటికీ, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది పిట్టా. ఎడమకు తిరుగు."

ఈ రెండు మాటలూ వాళ్ళ ఇంట్లో పెళ్ళైన మర్నాటి నుంచీ వాడుకలో పడ్డాయి. చెప్పులు కనబడకపోతే "కిటికీ, వినిపిస్తోందా?" బట్టల సబ్బు జారిపోతే "కిటికీ, వినిపిస్తోందా?" ఆవిడ వంటగదిలోంచి "ఎడమకు తిరగండి, ఇంకా, ఇంకా, ఆ, వంగండి" అనేది. కోపంగా ఉన్న రోజున కావాలనే కుడికి తిప్పేది. గోడ తగిలాక ఆయన "ఇవాళ కిటికీకి జ్వరంగా ఉంది" అనేవాడు. ఆ గొంతంటే ఆయన చెవి కోసుకుంటాడు. ఈ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా పాతికేళ్ళుగా తెలియనట్టే ఉంది.

మెరుపుపిట్ట పుస్తకం ఒక్కటి కూడా ఆవిడ చదవలేదు. చదవాల్సిన అవసరం రాలేదు. భోజనాల దగ్గర ఆయనే చెప్పేవాడు. ఏ పేజీలో ఎన్ని బొమ్మలు, ఏ బొమ్మలో ఆకాశం ఏ రంగు, పనివాడి చొక్కా మోచేతి దగ్గర ఎలా చిరిగింది, అన్నీ. లోకంలో కళ్ళున్నవాళ్ళు కళ్ళు లేనివాళ్ళకు చెబుతారు. ఆ ఇంట్లో వ్యవహారం తిరగబడి ఉండేది. ఆవిడ అన్నం కలుపుకుంటూ, వినీ విననట్టు, "అబ్బ, ఈ చడ్డీవీరుడి గోల" అనేది. కానీ ఆయన ఏ బొమ్మైనా దాటేస్తే "మధ్యలో నీళ్ళ ట్యాంకు ఉండాలి కదా" అని గుర్తుచేసేది.

ఇలా ఉండగా బస్టాండుకు కొత్త ఏర్పాటొచ్చింది. ఎక్కడో రికార్డు చేసిన ఒక పడుచు గొంతు, బస్సు వచ్చినా రాకపోయినా టైమయ్యేసరికి తేనె పూసినట్టు పలికేస్తుంది. మైకక్కను సామాన్లు దాచే గదికి మార్చారు. జీతం తగ్గించలేదు, గౌరవం తగ్గించలేదు, మేనేజరు స్వయంగా వచ్చి కుర్చీ వేయించాడు. ఆవిడ వెళ్ళి సంచులకు చీటీలు కట్టడం మొదలుపెట్టింది. కొత్త గదిలో మాత్రం చెప్పులు విప్పడం మానేసింది. విప్పి ఏం చేయాలి కనుక?

సరిగ్గా ఆ ఏడాదే మెరుపుపిట్టను సినిమాగా తీశారు.

కబురు తెచ్చింది కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వస్తూనే "నాన్నా, మీ పిట్ట సినిమా అయింది!" అని అరిచింది. ఆయన చేతిలో ఆకురాయి ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది.

"డూప్లికేటు తాళంచెవిలే అమ్మా," అన్నాడు. "చూడ్డానికి అచ్చు అలాగే ఉంటుంది. తిరగదు."

"చూడకుండానే?"

"పుస్తకాన్ని సినిమా చేసినవాళ్ళు ఏం చేస్తారో తెలుసుగా. పైన మెరుగు పెట్టి, లోపల పళ్ళు అరగదీస్తారు."

పైకి అలా అన్నాడు గానీ, రాత్రి భోజనం దగ్గర "పాటలున్నాయటా?" అని ఒకసారి, "చొక్కా పసుపేనటా?" అని ఒకసారి, ఎవరినీ కాదన్నట్టు గాల్లోకి అడిగాడు. మనిషి మనసు పడ్డాడు. ఇల్లాలికి తెలియదా?

ఆవిడకు మాత్రం ఆ సినిమా పేరు వింటేనే గిట్టేది కాదు. కారణం సామాన్లగదికి ఎదురుగా ఉన్న గోడ మీదే ఉంది. అక్కడ అతికించిన పోస్టరులో మెరుపుపిట్ట పక్కన ఒక అమ్మాయి. పొడుగు మెడ, నున్నటి బుగ్గలు, గాలికి ఎగిరే జుట్టు, వెనక టవరు. చూడగానే అర్థమైపోయింది ఆవిడకు. ఇదే కిటికీ. ఇన్నాళ్ళూ ముఖం లేకుండా ఉన్నదానికి ముఖం తగిలించారు.

ఆవిడ ముఖం సంగతి ఆవిడకు తెలుసు. ముక్కు పెద్దది. బుగ్గల మీద పడుచు వయసు మొటిమలు దిగిపోతూ వదిలిన గుంటలు. నుదుటి దగ్గర జుట్టు పలచబడింది. ఆయన వేళ్ళు ఆ గుంటలన్నీ ఎరుగును. అయినా వేళ్ళకు తెలియడం వేరు, కంటికి కనిపించడం వేరు అని ఆవిడకు అనిపించేది. ఆయన కళ్ళలో మిగిలినవి బొమ్మల పుస్తకాల బొమ్మలే. ఆ బొమ్మల్లో ఒక్క చోటే ఖాళీ ఉంది, ఆ వెలుగుతున్న కిటికీలో. పాతికేళ్ళుగా ఆ ఖాళీలో తాను కూర్చుంది. ముఖం లేకపోయినా చోటు తనదే. ఇప్పుడు ఆ పొడుగు మెడ పిల్ల వచ్చి అందులో కూర్చుంటే, ఇక "కిటికీ, వినిపిస్తోందా?" అన్నప్పుడల్లా ఆయన తలలో వెలిగేది ఆ పిల్లే. బస్టాండులో కుర్చీ పోయింది, సరే. ఇది కూడా పోతే?

ఇది ఎవరితో చెప్పుకుంటుంది? యాభై దాటిన ఆడమనిషి పోస్టరు మీది బొమ్మను చూసి ఏడ్చిందంటే నవ్వరూ? మింగలేక, కక్కలేక, సాకులు మొదలుపెట్టింది. మోకాలు నొప్పి అంది. హాల్లో ఏసీ పడదంది. డ్యూటీ మారిందంది. ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. "నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే" అన్నాడు. పోట్లాడినా బాగుండేది.

కూతురు మొదటి వారంలోనే స్నేహితురాళ్ళతో వెళ్ళి చూసి వచ్చింది. ఆవిడ వంటగదిలోకి లాగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ కిటికీని చూపించారా?"

"చూపించారు."

"ఎలా ఉంది?"

కూతురు తల్లి ముఖంలోకి చూసి, అదోరకంగా నవ్వి, "నువ్వే చూడమ్మా, నేను చెప్పను" అంది. ఆ నవ్వుకు ఆవిడ తన అర్థం తాను చెప్పుకుంది. అంటే అందగత్తే. చెప్పడానికి పిల్లకు నోరు రాలేదు. మర్నాడు కూతురు రెండు టికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది, ఆదివారం ఉదయం ఆటకు. ఇక తప్పించుకునే దారి లేదు.

శనివారమంతా ఆవిడ ఒక ఉపాయం వండింది. హాల్లో ఆయనకు కళ్ళు తానే కదా. ఆ పిల్ల వచ్చినప్పుడు చీకటిగా ఉందని చెబితే సరి. మసగ్గా ఉంది, వెనక నుంచి తీశారు, ముఖం చూపించలేదు, పుస్తకంలో లాగే వదిలేశారు. ఎవరు వచ్చి కాదంటారు? ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో రాని బస్సును వచ్చిందని ఒక్కసారీ చెప్పని మనిషి, వచ్చిన బస్సును రాలేదని చెప్పడానికి సిద్ధపడింది. తలుచుకుంటే సిగ్గేసింది. అయినా మనసు మార్చుకోలేదు.

ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గంట ముందే తయారై, గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు. హాల్లో నడి వరసలో సీట్లు. దీపాలారిపోయాయి. ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"కరెంటు స్తంభం. పైన ఒక మనిషి కూర్చున్నాడు. ఏదో తింటున్నాడు."

"చొక్కా?"

"పసుపు."

"మోచెయ్యి చూడు, మోచెయ్యి."

"చిరిగింది. కుట్టారు."

"ఏ దారం?"

ఆవిడ ముందుకు వంగి చూసింది. "నీలం దారమండీ."

ఆయన ఊపిరి ఒక్కసారి గట్టిగా లోపలికి పోయింది. "నీలమే! పసుపు దారం అయిపోతే వాళ్ళమ్మ నీలంతో కుడుతుంది. రెండో పుస్తకం. ఆ కుట్టు కూడా వదల్లేదా వీళ్ళు!"

ఆవిడకు ఆశ్చర్యమేసింది. అంత పెద్ద తెర మీద, అంత ఖర్చుపెట్టి తీసిన సినిమాలో, ఎవడో ఒకడు కూర్చుని నీలం దారం గుర్తుపెట్టుకున్నాడు. ఎవరు చూస్తారని? తన పక్కనున్న మనిషిలాంటివాళ్ళు చూస్తారని. చడ్డీవీరుడి గోల అనుకుని వచ్చింది, మెల్లగా కూర్చున్న చోట సర్దుకుంది.

పోట్లాట మొదలయ్యేసరికి ఆవిడకు తెలియకుండానే గుసగుస కాస్తా డ్యూటీ గొంతయిపోయింది. "దయచేసి గమనించండి, దొంగలు ఎడమ వైపు నుంచి వస్తున్నారు. ముగ్గురు. కాదు, నలుగురు. నాలుగోవాడు వంతెన మీద సిద్ధంగా ఉన్నాడు."

ముందు వరసలో కూర్చున్న ఒక బట్టతలాయన వెనక్కి తిరిగాడు. "అమ్మా, మాకూ కళ్ళున్నాయి."

"నాకు లేవండి," అన్నాడు తాళాలాయన, ఎంతో మర్యాదగా.

బట్టతలాయన ముందుకు తిరిగి, కాసేపు మెడ కూడా కదల్చలేదు.

అప్పుడు మెరుపుపిట్ట మొదటిసారి ఎగిరాడు. ఎగిరాడో లేదో, తెరంతా తెల్లబడిపోయింది. బొమ్మ లేదు, రంగు లేదు, ఒట్టి తెలుపు. ఆవిడ నోరు ఆగిపోయింది.

"ఏమీ కనిపించడం లేదండీ," అంది. "నిజంగానే. అంతా తెల్లగా ఉంది."

"నాకు కనిపిస్తోంది," అన్నాడాయన నవ్వుతూ.

ఇక మిగిలినవి చప్పుళ్ళే. హోరున గాలి, కింద ఎక్కడో ఊరి చప్పుడు, దూరంగా రైలు కూత. ఆ తెలుపులోంచి ఒక గొంతు వినిపించింది. తియ్యటి గొంతు కాదు. గారం లేదు, ఒయ్యారం లేదు. ఏ మాటా తొందరపడకుండా, ఏ మాటా మింగకుండా, "వినిపిస్తోంది పిట్టా. ఎడమకు తిరుగు. ఇంకా. చాలు" అంది. అన్ని వందల మంది కళ్ళుండీ ఏమీ చూడలేక, చెవులప్పగించి, ఆ గొంతు ఎటు చెబితే అటు తలలు వంచుతున్నారు. పక్కనున్న మనిషి రోజూ బతికే బతుకును కాసేపు ఊరందరికీ పంచిపెట్టారు అనిపించింది ఆవిడకు. ఎవరు తీశారోగానీ, వాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి.

ఆయన ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "విన్నావా? నీ గొంతే."

"నాది కాదు లెండి," అంది. సంతోషం పొంగుకొచ్చింది, వెనకాలే భయం. గొంతు వచ్చేసింది. ఇక ముఖం రావడమే తరువాయి.

సినిమా సగం దాటాక పోస్టరు పిల్ల రానే వచ్చింది. తళతళలాడుతోంది. ఆవిడ దాన్ని దాటేసి వంతెన గురించీ, మబ్బుల గురించీ చెప్పింది. పిల్ల టవరు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆవిడ మెట్ల గురించి చెప్పింది. పిల్ల పై అంతస్తు చేరి, కొసన ఉన్న తలుపు మీద చెయ్యి వేసింది. అదిగో, ఇప్పుడు తలుపు తీసి, లోపలికెళ్ళి, మైకు ముందు కూర్చుంటుంది. మైకక్క కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇప్పుడేంటి?" అన్నాడాయన. "తలుపు చప్పుడైంది. కిటికీ గదేనా?"

"చీకటిగా ఉందండీ," అంది ఆవిడ. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "ఏమీ కనిపించడం లేదు."

బట్టతలాయన మళ్ళీ తిరిగాడు. ఇంతసేపూ చెవి వెనక్కి వేసే ఉన్నట్టున్నాడు. "అదేంటమ్మా, అంత వెలుగుంటే!"

దొరికిపోయిన దొంగలా ఆవిడ కళ్ళు తెరిచింది.

గది నిండా వెలుగే. పోస్టరు పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. కుర్చీలో కూర్చున్నది వేరే మనిషి. ఆ మనిషి ఆకాశం వైపే చూస్తూ, వెనక్కి తిరగకుండా, అరచెయ్యి పైకెత్తింది. పిల్ల ఆ చెయ్యి చూసి ఆగిపోయింది. "కిందికి దిగు పిట్టా. ఇంకా. నేల వచ్చింది. నిలబడు." అప్పుడు మీట నొక్కి, కుర్చీ తిప్పి, "ఆ, ఏంటి?" అంది.

యాభై దాటిన ఆడమనిషి. పెద్ద ముక్కు. గుంటలు పడిన బుగ్గలు. దారంతో కట్టిన కళ్ళజోడు. బల్ల మీద సగం తిన్న భోజనం డబ్బా. కుర్చీ కింద, విప్పి లోపలికి తోసిన చెప్పులు.

మైకక్క ఆ చెప్పుల వైపే చూస్తూ చెప్పడం మరిచిపోయింది.

"ఏమైందోయ్?" ఆయన మోచెయ్యి తట్టాడు. "ఎందుకాగావు?"

"ఆపేశారేమ్మా?" అన్నాడు ముందాయన కూడా. ఈసారి కోపం లేదు.

ఆవిడ గొంతు సవరించుకుంది. గుసగుస పెడదామనే అనుకుంది, రాలేదు. వచ్చింది బస్టాండు గొంతే. ఏడాదిగా ఎవరూ వినని గొంతు, నడి వరసలోంచి హాలంతా వినిపించేలా లేచింది.

"గదిలో మంచి వెలుగుంది. ఇందాక నేను చూడలేదు. కుర్చీలో ఒక ఆడమనిషి ఉంది. వయసు యాభై పైన. జుట్టు పలచగా ఉంది. ముక్కు పెద్దది."

"బుగ్గలు?" అన్నాడాయన.

"గుంటలున్నాయి."

"రెండు వైపులా?"

"రెండు వైపులా. కానీ ఎడమ వైపు ఎక్కువ."

"చెప్పులు?"

ఆవిడ ఆయన వైపు తిరిగింది. చెప్పుల మాట తానింకా చెప్పలేదు.

"విప్పి కుర్చీ కింద పెట్టింది," అంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకోవడం వల్ల రెండు మూడు బొమ్మలు ఆయనకు చెప్పకుండానే దాటిపోయాయి. ఆయన అడగలేదు. వెనక్కి వాలి, "తిరిగిందోయ్ తాళం" అన్నాడు. "పళ్ళు అరగదీయలేదు. పుస్తకంలో లేని పన్ను ఒకటి కొత్తగా కోశారు. అయినా తిరిగింది. అది కదా పనితనం!"

బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బట్టతలాయన మెట్ల దగ్గర ఆగి, "రెండోసారి చూస్తే మీ పక్క సీటే తీసుకుంటానమ్మా" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళే బస్సు కోసం ఇద్దరూ నడుచుకుంటూ బస్టాండుకు వచ్చి, ఎండ తగలని బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద పోస్టరు పిల్ల గాలికి కొంచెం ఊడి ఊగుతోంది. ఇక దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నేను ఆ పోస్టరు మీది పిల్లే కిటికీ అనుకున్నానండీ. అందుకే ఇన్నాళ్ళూ రానన్నాను. ఆ చీకటి మాట కూడా అందుకే చెప్పాను."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు! కంటికి కనపడందే బస్సు వచ్చిందనని మనిషివి, గోడ మీద కాగితం చూసి అనౌన్స్ చేసేశావా?"

"నవ్వకండి. మీ తలలో ఆ పిల్ల వచ్చి కూర్చుంటుందని భయమేసింది."

ఆయన నవ్వు ఆపాడు. కర్ర ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి చాపి, తడుముకోకుండా తిన్నగా ఆవిడ ఎడమ బుగ్గ మీద పెట్టాడు.

"చిన్నప్పుడు ఆ కిటికీలో ఎవరుంటారా అని ఎంత ఆలోచించినా బొమ్మ వచ్చేది కాదు. పెళ్ళైన వారానికి వచ్చేసింది. ముక్కు, గుంటలు, కుర్చీ కింద చెప్పులు, అన్నీ. అప్పటి నుంచీ నీకు ఏ పుస్తకం చెప్పినా ఆవిణ్ణి అలాగే చూసుకుంటూ చెబుతున్నాను. నాకు పాతికేళ్ళుగా తెలిసిన మనిషి. పాపం, సినిమావాళ్ళకే ఇప్పుడు తెలిసింది."

ఆవిడ ఆ చేతిని బుగ్గకేసి అదుముకుంది. పైన స్పీకరులోంచి పడుచు గొంతు తేనె పూసినట్టు మొదలుపెట్టింది. వాళ్ళు ఎక్కాల్సిన బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఉందట. చుట్టూ జనం మూటలు ఎత్తుకుని లేచారు, మెడలు సాచారు. ఆయన లేవలేదు. స్పీకరు వైపు తల కూడా తిప్పలేదు.

"కిటికీ, వినిపిస్తోందా?" అన్నాడు. "వచ్చిందా బస్సు?"

ఆవిడ కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి తీసి, చెప్పులను బల్ల కిందికి తోసింది. మలుపు దాకా రోడ్డంతా చూసింది.

"వినిపిస్తోంది పిట్టా," అంది. "ఇంకా రాలేదు. వచ్చాక నేను చెప్తాను, కూర్చోండి."